పసుపుకీ అసిటోన్‌కీ మధ్య అక్క గోళ్ళు

నాలుగు తరాల గాథ ఒకటి చెప్పబోతున్నాను. ఇందులో సముద్రం దాటిన ఓడ ఉంది. చెరుకు తోటల్లో ఇంకిన చెమట ఉంది. కూలిపోయిన ఒక రాజ్యం, దాని చోట లేచి నిలబడ్డ కొత్త దేశం, ఈ రెంటి మధ్యా నిలిచి పోరాడిన ఒక వీరవనిత ఉన్నారు. పిల్లల్ని పడుకోబెట్టి, పొయ్యి ఆర్పేసి, తీరిగ్గా కూర్చుని వినాల్సిన కథ.

కూర్చున్నారా? అయితే మన్నించండి. ఓడ ఎక్కింది మా ముత్తాత, నేను చూడలేదు. చెరుకు కొట్టింది మా తాత, నేను నమిలి ఉమ్మడం వరకే. వీరవనిత మా అక్క. ఆమె దూసింది కత్తి కాదు, గోళ్ళ రంగు సీసా మూతకి అంటుకుని ఉండే చిన్న కుంచె. యుద్ధం ఆ రంగుతో కూడా కాదు, ఆ రంగుని తీసే నీళ్ళతో. ఓడిపోయింది కూడా. ఇక మీరు లేచి పొయ్యి వెలిగించుకోవచ్చు.

తెల్లా నల్లా తేడా లేకుండా అందరం కలిసి తొలిసారి ఓటేసిన మరుసటి ఏడు అది. డర్బన్ అంచున ఖర్వాస్తాన్‌లోని మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం. నాన్నని కన్న అవ్వ, అమ్మ, అక్క, చివర నేను. నాన్న అప్పటికే గోడ మీద దండ వేసుకుని ఉన్నాడు; ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడేదీ, ఎక్కువ దండాలు అందుకునేదీ ఆయనే. అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. బయటి దేశాల నుంచి చవక చొక్కాలు దిగడం మొదలయ్యాక ఆ ఫ్యాక్టరీ వారంలో సగం రోజులు మూసే ఉండేది. నేను కాలేజీలో చదువుతున్నానని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఇక్కడ పుట్టిన మా ఈడు వాళ్ళకి తెలుగంటే వరసలు, దేవుడి పాటలు, తిట్లు, అంతే. నాకు రాయడం శనివారం బడిలో వచ్చింది. తిట్లు అవ్వ ఇంటి దగ్గరే నేర్పింది, సెలవులు లేకుండా.

ఆ రోజుల్లో అక్కకి డర్బన్ టౌన్‌లోని పెద్ద షాపులో పని దొరికింది. కింది అంతస్తులో, తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే, అద్దాల బల్ల వెనక, దీపాల వెలుగులో, తెల్ల కోటు వేసుకుని నిలబడి సింగారం సామాను అమ్మే పని. పాత రోజుల్లో ఆ షాపులో మనవాళ్ళు ఉంటే వెనక గోదాములో ఉండేవాళ్ళు. ఇప్పుడు దేశం మారింది కాబట్టి అద్దాల వెనక కూడా అన్ని రంగుల పిల్లలూ కనబడాలని ఎవరో పైనుంచి చెప్పారట. లిప్‌స్టిక్‌లతో పాటు అక్క కూడా ఒక కొత్త షేడ్.

మూడు నెలలు చూస్తారు. నచ్చితే పర్మనెంట్. మా ఇంట్లో ఏ దేవుడి పేరూ ఆ మాట పలికినన్నిసార్లు పలకలేదు. అమ్మ ఫ్యాక్టరీ ఏ వారం పూర్తిగా మూతపడుతుందో తెలియదు కాబట్టి, ఇల్లంతా అక్క తెల్ల కోటు పట్టుకుని వేలాడుతోంది. అది కాక, అక్కకి అక్కడ నిలబడటం ఇష్టం. పెద్ద ఆశేమీ కాదు. వెలుగులో నిలబడితే జనం తనని చూస్తారని, అంతే.

అయితే అక్కడ ఒక రూలు ఉంది. కస్టమర్ చెయ్యి ముట్టుకోకూడదు. ఏ రంగు ఎలా ఉంటుందో చూస్తానంటే తన గోటికే వేసి చూపించాలి. పక్కన ఎన్నో ఏళ్ళుగా ఉన్న తెల్ల అమ్మాయి మాత్రం కస్టమర్ల వేళ్ళు పట్టుకుని, కబుర్లు చెబుతూ, వాళ్ళ గోళ్ళకే వేసేది. ఇదేమిటని అక్క అడిగితే, ఆ రూలు కొత్తగా చేరినవాళ్ళకి మాత్రమే అన్నారు. కొత్తగా చేరింది అక్క ఒక్కతే.

కాబట్టి రోజంతా ఇదే పని. ఎరుపు వేయడం, తుడవడం. గులాబీ వేయడం, తుడవడం. తుడిచేది అసిటోన్‌తో. దూదిని తడిపి గోటి మీద పెడితే చల్లగా తగులుతుంది, ఘాటుకి ముక్కు అదిరిపోతుంది, క్షణంలో ఆరిపోతుంది. ఆరిపోయేటప్పుడు ఊరికే పోదు. గోట్లో ఉన్న నూనెనీ తడినీ కూడా పట్టుకుపోతుంది, చుట్టం వెళ్తూ వెళ్తూ ఇంట్లో గిన్నెలు సర్దుకుపోయినట్టు.

మొదటి వారాల్లో మాకిదంతా వేడుకే. అక్క సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి పది గోళ్ళకీ పది రంగుల మరకలు మిగిలి ఉండేవి. ముందు గదిలో కూర్చుని వాటిని తుడుచుకునేది. ఒకసారి తడి దూదిని టేబుల్ మీద పెట్టింది. తీసేసరికి టేబుల్ మెరుగు దూదితో పాటు లేచి వచ్చింది.

"అయ్యో, నా టేబుల్!" అంది అమ్మ. "నా పెళ్ళి నాటి టేబులే! దీనికి ముప్పై ఏళ్ళుగా ఒక్క గీత పడలేదు."

"ఒక్కసారి పెడితే టేబుల్‌కే ఇట్టా అయ్యిందే," అన్నాను నేను, "అక్క గోరు ఇంకా ఉందో లేదో లెక్క చూసుకోండి."

అందరూ నవ్వారు, అక్క కూడా. ఆ మాటని జోకుగానే విన్నారు. నేనూ జోకుగానే అన్నాను.

అవ్వ మాత్రం నవ్వలేదు. దేవుడి మూల నుంచి దీపాన్ని ఎత్తి పట్టుకుని వంటింటి వైపు నడుస్తూ, "ఏటే ఆ కంపు? కిరసనాయిలా? దీపం కాడికి తేకు, ఇల్లు లేసిపోద్ది," అంది.

"కిరసనాయిలు కాదవ్వా, రిమూవర్. రంగు తీసేది."

"తీసేదానికి ఏసుకోడం దేనికే? సీర కట్టి ఇప్పి, కట్టి ఇప్పి సూపించినట్టు ఉంది."

"జాబ్ అవ్వా. వాళ్ళు అట్లానే చెయ్యమంటారు."

"జాబంట జాబు. గోరు సూపిత్తే జీతమిచ్చే రాజ్జెమొచ్చింది. మీ తాత సూసుంటే ఓటు ఎనక్కి ఇచ్చేసుండును."

ఓటంటే అవ్వకి అంత లెక్క. ఓటేసిన రోజున చేతుల మీద కంటికి కనబడని సిరా ఏదో చల్లారు. ప్రత్యేకమైన దీపం కింద పెడితేనే మెరుస్తుందట. అవ్వ ఆ చేతికి సబ్బు తగలనివ్వకుండా పైట కొంగులో చుట్టుకుని తిరిగింది. "కడిగితే ఓటు పోదా?" అని అడిగింది. పోదని మేమెంత చెప్పినా, ఈ ప్రభుత్వాలని నమ్మడానికి లేదంది. ఆవిడ లెక్కలో ఒంటి మీద పడ్డది ఏదైనా, పసుపో కుంకుమో సిరానో, దాన్ని తుడిచే నీళ్ళు మంచివి కావు. తర్వాత వచ్చిన గొడవంతా ఈ లెక్కలోంచే వచ్చింది.

ముందు అక్క గోళ్ళ నిగనిగ పోయింది. తర్వాత సున్నం ఎండినట్టు తెల్ల మచ్చలు లేచాయి. తర్వాత చివర్లు ఉల్లిపొరల్లా విడిపోవడం మొదలైంది. స్వెట్టర్ వేసుకుంటే ఉన్ని పట్టుకుని ఊడేవి. గోటి చుట్టూ చర్మం ఎర్రబడి, గీతలు గీతలుగా చీలింది. అన్నంలో నిమ్మకాయ ఊరగాయ కలుపుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అక్క చెంచాతో తినడం మొదలుపెట్టింది. మా ఇంట్లో చెంచాతో అన్నం తినడమంటే ఆస్పత్రిలో చేరడంతో సమానం.

"కొంచెం క్రీమైనా పెట్టుకోవే," అంది అమ్మ.

"పెట్టుకుంటే గోరు జిడ్డు అవుద్ది అమ్మా. జిడ్డు మీద పాలిష్ నిలవదు. ఊడి వచ్చేస్తది. కస్టమర్ ముందు ఊడితే ఏం చెప్పాలి నేను?"

"పోనీ, రాత్రి పెట్టుకుని పొద్దున తుడిచేసుకో," అన్నాను.

"దేంతో తుడవాలి?"



అప్పుడు అవ్వ రంగంలోకి దిగింది. కొబ్బరినూనె వెచ్చచేసి, అందులో పసుపు కలిపి, సాయంత్రం అన్నాలయ్యాక అక్కని పీట మీద కూర్చోబెట్టి, పది వేళ్ళకీ పట్టించి పాత గుడ్డ చుట్టింది. అమ్మ దాన్ని ముటి అంది. మా వైపు మందుకీ మాకుకీ మంత్రానికీ అన్నిటికీ అదే మాట, జులూ వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. నూనె హాయిగా ఉందనీ, మంట తగ్గిందనీ చెప్పి అక్క ఆ రాత్రి తొందరగా నిద్రపోయింది. అవ్వ మా అందరి వంకా చూసిన చూపు ఏ మంత్రి ప్రమాణం చేసినప్పుడూ నేను చూడలేదు.

పొద్దున గుడ్డ విప్పితే గోళ్ళు చామంతి పువ్వుల్లా ఉన్నాయి.

బాగున్న గోరయితే పసుపు పైపైన పట్టి రెండు స్నానాలకి పోయేది. ఇవి ఎండి, పగిలి, దాహంతో ఉన్న గోళ్ళు. తాగేశాయి. అక్క కెవ్వుమంది. సబ్బు, నిమ్మచెక్క, పళ్ళ పౌడర్, ఏదీ పని చెయ్యలేదు. చివరికి అసిటోన్ పని చేసింది. పసుపు అందులో కరుగుతుంది. కరగకపోయుంటే బాగుండేది.

"నా పసుపుని ఆ కిరసనాయిలుతో కడుగుతావే?" అంది అవ్వ.

"కడక్కపోతే షాపుకి ఎట్లా పోతా అవ్వా? జాండిస్ అనుకుంటారు!"

"అయితే ఎలిపో. నేనిక ముట్టను."

సాయంత్రం మళ్ళీ అవ్వే నూనె వెచ్చచేసింది. నెల తిరక్కుండానే, మంట భరించలేక అక్కే వెళ్ళి పీట మీద కూర్చునేది. ఇద్దరికీ పడక, మధ్యలో అమ్మ ఒప్పందం కుదిర్చింది. సాయంత్రాలు అవ్వవి, పొద్దుటిపూటలు అక్కవి. నిన్నటిదాకా జైల్లో పెట్టినవాళ్ళూ, జైల్లో ఉన్నవాళ్ళూ ఒకే మంత్రివర్గంలో పక్కపక్కన కూర్చుంటున్న రోజులు; మా ఇల్లు దేశం కన్నా ఎందుకు వెనకబడాలి? నేను దానికి సంధి అని పేరు పెట్టాను కూడా. కాకపోతే దేశాల సంధుల్లో సంతకాలు కాగితం మీద పడతాయి. ఇక్కడ అక్క వేళ్ళ మీద పడ్డాయి. రోజూ రాత్రి పసుపు ఇంకొంచెం లోతుకి దిగేది. రోజూ పొద్దున దాన్ని తీయడానికి ఇంకొంచెం ఎక్కువ అసిటోన్ పట్టేది.

ఒక శనివారం నేను షాపుకి వెళ్ళాను. అక్క ముందు ఒక ముసలి తెల్లావిడ నిలబడి ఉంది, మంచావిడే, మెడలో ముత్యాలు. మనవరాలి పెళ్ళికి ఎరుపు కావాలట.

"అది చూపించమ్మా. ఊహూ, మరీ ముదురు. దాని పక్కది. ఇది కొంచెం నారింజ కొడుతోందే. మొదటిది మళ్ళీ ఒకసారి చూద్దామా?"

అక్క వేసింది, తుడిచింది. వేసింది, తుడిచింది. నవ్వు చెరగలేదు. తుడిచిన ప్రతిసారీ భుజం మాత్రం కొద్దిగా పైకి లేచేది. అది మంట వల్లనని ఆ పక్కన ఉన్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. అయిదో ఎరుపు తర్వాత ఆవిడ కళ్ళజోడు సర్దుకుని బల్ల మీదికి వంగింది.

"అయ్యో, నీ చేతులు! ఇంత చిన్నపిల్లవి, కాస్త శ్రద్ధ తీసుకోకూడదూ?"

"తీసుకుంటాను మేడమ్," అంది అక్క.

ఆవిడ తలకి పెట్టుకునే పిన్నుల అట్ట ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయింది.

బస్సులో నేను ఆవిడ గొంతు అనుకరించాను. "ఇంత చిన్నపిల్లవి!" అన్నాను, కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు చేసి. నా అనుకరణలకి అక్క ఎప్పుడూ నవ్వేది. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నో మాన్, ఆపు," అంది. అంతే. చేతులు రెండూ చంకల కింద దాచుకుని కూర్చుంది. చలికాలం కాదు.

మూడు నెలలు నిండే ముందు, ఎవర్ని పర్మనెంట్ చెయ్యాలో చూడటానికి జొహానెస్‌బర్గ్ నుంచి పెద్ద మేడమ్ వస్తోందని కబురొచ్చింది. ఇంట్లో ఎవరికి తోచిన సాయం వాళ్ళు చేశారు. అమ్మ తెల్ల కోటుకి గంజి పెట్టింది. నేను నోరు మూసుకున్నాను; ఇది చిన్న సాయం కాదని అందరూ ఒప్పుకున్నారు. అవ్వ దేవుడి ముందు ఉంచిన పసుపే తీసుకుని, పెద్ద రోజు కదా అని రోజూ వేసేదానికి రెండింతలు వేసి, పది వేళ్ళకీ దట్టంగా పట్టించి, ఒక్కో వేలినీ కళ్ళకద్దుకుని మరీ కట్టింది. అక్క వద్దనలేదు. ఎందుకు అనలేదో తెలియాలంటే మా అవ్వ ముఖం మీరు చూసి ఉండాలి.

పొద్దున్నే అక్క సాసర్లో అసిటోన్ పోసి వేళ్ళు అందులో ముంచి కూర్చుంది. కన్నీళ్ళు చెంపల మీదుగా దిగుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నేను తువ్వాలుతో తుడిచాను. చాలాసేపు ముంచాక తీసి చూసింది. గోళ్ళ మధ్యలో సున్నం తెలుపు, అంచుల్లో మురికి పసుపు. చుట్టూ చర్మం పచ్చిగా ఉంది. దాని మీద లేత గులాబీ రంగు వేసింది. పట్టలేదు. మళ్ళీ వేసింది. గంజి కోటు వేసుకుని వెళ్ళింది.

మామూలు వేళ కన్నా ముందే తిరిగొచ్చి పెరటి మెట్టు మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చెయ్యి పట్టుకుంది," అంది.

"ఎవరు?"

"ఆ మేడమ్. రెండు చేతులూ పట్టుకుంది. రంగు తీసి చూపించు డార్లింగ్ అంది, తీశా. వేలు వేలు తిప్పి చూసింది. ఎంత మెత్తగా పట్టుకుందో తెల్సా? ఆ షాపులో నా చెయ్యి పట్టుకుంది ఆమె ఒక్కతే."

"ఏమంది?"

"ఈ గోళ్ళ మీద చూస్తే మా రంగు ఎవరు కొంటారు అంది. లివర్ చూపించుకో అంది. నిజంగా పాపం అనుకునే అంది."

అప్పటికే అమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "మీ పని వల్లే ఇట్లా అయ్యిందని చెప్పలేదా?"

"చెప్పా అమ్మా. ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఆ అమ్మాయికి కాలేదే అంది."

లోపల అవ్వ సాయంత్రం నూనెకి గిన్నె కడుగుతోంది, పని పోయిందని ఇంకా ఎవరూ ఆవిడకి చెప్పలేదు. చెప్పాక ఆవిడ మమ్మల్నీ తిట్టలేదు, మేడమ్‌నీ తిట్టలేదు. పసుపు డబ్బా మూత పెట్టి, పై అరలో, స్టూలు ఎక్కితే తప్ప అందని చోట పెట్టేసింది. అవ్వ తిట్టకపోవడం నేను పుట్టాక అదే మొదలు. తిట్టి ఉంటే కొంచెం ఊపిరాడేది.

ఆ నెలలోనే అమ్మ ఫ్యాక్టరీ పూర్తిగా మూతపడింది. గంభీరమైన మాట ఏదైనా ఎవరన్నా అంటే దానికి చిల్లు పెట్టడం నా పని కదా. ఆ వారం ఎవరూ గంభీరమైన మాట అనలేదు. అమ్మ కాలర్ లేని పాత చొక్కాలు ముందేసుకుని కూర్చునేది. అక్క మధ్యాహ్నం దాకా మంచం దిగేది కాదు. చేతులు దుప్పటి కింద ఉండేవి.

కోటు తిరిగి ఇవ్వాలి. అక్క వెళ్ళనంది, నేను వెళ్ళాను. అద్దాల బల్ల మీద, అక్క నిలబడే చోట, విసనకర్రలా విప్పిన ప్లాస్టిక్ పుల్లలు కొన్ని పెట్టి ఉన్నాయి. ఒక్కో పుల్ల చివర ఒక్కో ప్లాస్టిక్ గోరు. ఒక్కో గోటికి ఒక్కో రంగు, కింద చిన్న అక్షరాల్లో దాని పేరు. ఒక అమ్మాయి వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి, మూడో పుల్ల చూపించి, సీసా కొనుక్కుని వెళ్ళింది. ఎవరి చెయ్యీ ఎవరూ ముట్టుకోలేదు. అంతా అయ్యేసరికి నిమిషం పట్టలేదు.

ఇంటికొచ్చి, చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. "నీ చోట ప్లాస్టిక్ వేళ్ళు పెట్టారక్కా. అవి పర్మనెంట్ అయినట్టున్నాయి."

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరక్కుండానే, "అన్ని రంగులూ ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి."

"తుడవక్కర్లేదు కదా వాటిని."

"అక్కర్లేదు."

"ఇవి ముందు లేవా?"

ఉన్నాయో లేవో నాకు తెలియదు. ఉండే ఉంటాయి. అంత చవక వస్తువు నిన్నో మొన్నో పుట్టి ఉండదు. కానీ ఆ మాట నేను అనలేకపోయాను. మంచం అంచున కూర్చుని దుప్పటి మీదుగా అక్క చెయ్యి పట్టుకున్నాను. అక్క లాక్కుంది. నొప్పి వల్లనో, ఇంకెందుకో.

గోళ్ళు చూస్తే నిజంగానే లివర్ ఏమోనని అమ్మకి భయం పట్టుకుంది. అందరం కలిసి ఓవర్‌పోర్ట్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన అక్క కళ్ళు, నాలుక చూసి, కడుపు నొక్కి, ఆఖరికి గోళ్ళు దీపం కింద పెట్టి చూశాడు.

"లివర్ బాగానే ఉంది. ఇది కూరలో వేసే పసుపు."

అవ్వ నేల వంక చూసింది.

"గోరు బాగా ఎండిపోయింది, చర్మం కూడా. అసిటోన్ ముట్టుకోవద్దు. స్నానం అవగానే తడి మీదే వాజలీన్ రాయి. గిన్నెలు కడిగేటప్పుడు లోపల నూలు గ్లవ్స్, పైన రబ్బరు గ్లవ్స్ వేసుకో."

"దీనికి మందు లేదా డాక్టర్? తొందరగా తగ్గేది?" అంది అక్క. ఆమె గొంతులో అంత బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు. "ఇంకో షాపులో అడుగుదామంటే చేతులు చూస్తారు కదా. ఇవి మళ్ళీ మామూలుగా అవుతాయా? అసలు అవుతాయా?"

ఆ మాటకి మేమందరం డాక్టర్ వైపు చూశాం. ఆయన చేతులు కడుక్కోవడానికి లేస్తూ, తుడుచుకునే తువ్వాలు కోసం వెతుకుతూ చెప్పాడు. పాడైన గోరు బాగవదు, కింద నుంచి కొత్తది పెరిగి దాన్ని ముందుకి తోసేస్తుంది. చేతి గోరుకి దాదాపు ఆరు నెలలు పడుతుంది. కాలి గోరుకి అయితే ఏడాది పైనే.